ఓరచూపు

శివరాత్రి వెళ్లిన వారానికి మా ఆయన రవీందర్‌కు హైటెక్ సిటీలో వ్యాన్ పని దొరికింది. కొత్తగా లేచిన ఆ గుండ్రటి బిల్డింగులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. దాంట్లో పనిచేసే పిల్లలను పొద్దున ఎక్కించుకుపోవాలి, చీకటి పడ్డాక తీసుకొచ్చి ఇళ్ల దగ్గర దింపాలి. అంతకుముందు చాలా ఏళ్లు ఆయన స్కూలు బండి నడిపాడు. చాయ్ పొద్దుకల్లా ఇంట్లో ఉండేవాడు. రాత్రిపూట స్టీరింగు పట్టడం ఆయనకు ఆ ఎండాకాలమే మొదలు. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. మంచి పని దొరికిందని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. మా అత్తమ్మ భాగ్యమ్మ పోచమ్మకు కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

కూకట్‌పల్లి పాత ఊళ్లో మాది చిన్న డాబా ఇల్లు. ముందు గదిలో నేను ఎస్టీడీ బూత్ నడిపేదాన్ని. పైన ఒక గది, దాని ముందు ఖాళీ మిద్దె. ఆ గదిలో భీమేశ్వరరావు గారు కిరాయికి ఉండేవారు. రాజమండ్రి వైపు మనిషి. అద్దాలు, కటకాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. మేమంతా సార్ అనేవాళ్లం. ఆయన తన చేతులతో ఒక టెలిస్కోపు చేసుకున్నారు. మనిషంత పొడుగు గొట్టం, దాని అడుగున అన్నం పళ్లెంలో సగమంత అద్దం. ఒక్కడు ఎత్తగలిగేది కాదు. దాన్ని మిద్దె మీదికి పట్టుకొచ్చి నిలబెట్టడానికి పైకి పోయిన రవీందర్, ఒకసారి కన్ను ఆనించి చూశాక ఇక వదల్లేదు. ఆదివారం వచ్చిందంటే అన్నం తినీ తినకముందే పైకి పోయేవాడు.

సార్ దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. లోపల దూది పరిచి, దాంట్లో ఐపీసులు దాచేవారు. టెలిస్కోపుకు కంటి దగ్గర బిగించే చిన్న కటకాల గొట్టాలను ఐపీసులంటారని మాకు ఆయనే చెప్పారు. ఏ ఐపీసు పెడితే ఎంత పెద్దగా కనబడుతుందో, ఎందుకట్లా కనబడుతుందో ఆయన చెబుతుంటే రవీందర్ పిల్లాడిలా వినేవాడు. ఒకరోజు ఆరేసిన బట్టలు తీయడానికి పైకి పోతే ఇద్దరికీ అదే వాదన నడుస్తోంది.

“అన్నిట్ల పెద్దగ చూపిచ్చేది పెట్టున్రి సార్,” అన్నాడు రవీందర్.

“పెద్దగా చూపించేది చంద్రుడికి బాగుంటుందండి. గెలాక్సీకి పనికిరాదు. అట్ల పిండి ఒక్క గరిటెడే ఉందనుకోండి. పెనమంతా పరిస్తే ఏమవుతుంది? పలచనై చిరిగిపోతుంది. గెలాక్సీ నుంచి మనకొచ్చే వెలుగు కూడా గరిటెడేనండి. మరీ సాగదీస్తే కంటికి ఆనదు.”

“అయితె చిన్నగ చూపిచ్చేదే పెట్టున్రి.”

“అప్పుడు ఆకాశం కూడా వెలుగెక్కి కనబడుతుంది. ఊళ్లో లైట్లన్నీ పైకి కొడుతున్నాయి కదా. బూడిదరంగు గుడ్డ మీద బూడిదరంగు మచ్చ, ఎట్లా తెలుస్తుంది? నడిమి రకం పెట్టామనుకోండి, ఆకాశం నల్లబడుతుంది, మచ్చ నిలుస్తుంది. అయినా ఇది ఒకళ్లు చెబితే తేలేది కాదు. ఎవరి కన్నును బట్టి వాళ్లకి. నా కంటిపాప ఈ వయసులో అంతగా తెరుచుకోదు. మీది పడుచు కన్ను. నాకంటే మీకే బాగా కనబడాలి.”

తర్వాత ఎట్లా చూడాలో చెప్పారు. గెలాక్సీని నేరుగా చూడకూడదట. పక్కనున్న చుక్క మీద చూపు నిలపాలట. అప్పుడు కంటి కొసకు అది అందుతుందట.

“మసక వెలుతురును పట్టేది కంటి నడుమ కాదండి, అంచులు. ఓరచూపు చూడాలి,” అన్నారు.

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. రవీందర్ కూడా నవ్వాడు. “పెండ్లిచూపులల్ల మా రత్నమాలను గట్లనే చూసిన సార్,” అన్నాడు.

పోయిన ఏడాది ఇదే కాలంలో సింహరాశి వెనక కాలి దగ్గర రెండు గెలాక్సీలు పక్కపక్కన చూశానని రవీందర్ నాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఈ ఏడు ఎంత వెతికినా అవి ఆయనకు దొరకలేదు. దక్షిణం దిక్కున ఆ గుండ్రటి బిల్డింగు లైట్లు ఆకాశాన్ని అంటుకున్నట్టు ఉండేవి. పోయిన ఏడు అవి లేవు. “దానివల్లనే,” అనేవాడు. తనకు పని ఇచ్చిన బిల్డింగును ఆదివారం రాత్రి తిట్టుకునేవాడు, సోమవారం పొద్దున వ్యాన్ కడుక్కుని అక్కడికే పోయేవాడు.

ఏప్రిల్‌లో అమావాస్య దాటిన ఆదివారం కరెంటు పోయింది. కూకట్‌పల్లి మొత్తం చీకటి. బూత్‌లో బిల్లు మీటరు నడవదు కాబట్టి షట్టర్ దింపి, చాయ్ పట్టుకుని పైకి పోయాను. మూడు నెలల్లో అంత నల్లటి ఆకాశం నేను చూడలేదు. జనరేటర్ల మీద నడిచే బిల్డింగు వెలుగు ఒక్కటే దక్షిణం అంచున కనబడుతోంది. టెలిస్కోపు నడినెత్తి వైపు ఉంది. రవీందర్ కన్ను ఆనించి చాలాసేపటి నుంచి వంగే ఉన్నాడు.

“గా రెండు గెలాక్సీలు లెవ్వు సార్,” అన్నాడు.

“పక్క చుక్క మీద పెట్టండి చూపు.”

“పెట్టిన. చుక్కలు కనబడ్తున్నయ్. గవి కనబడ్తలెవ్వు.”

సార్ వంగి చూశారు. ఏమీ అనకుండా ఐపీసు తీసి నడిమి రకం పెట్టారు. మళ్లీ చూసి, గొట్టాన్ని వెంట్రుకవాసి జరిపి, రవీందర్‌ను చూడమన్నారు. లేవన్నాడు. ఇంకొకటి పెట్టారు. లేవన్నాడు. చివరికి పాతబస్తీలో పాత సామాన్లమ్మే గుజిరీలో కొన్న మైక్రోస్కోపు ఐపీసు కూడా పెట్టి చూశారు. డబ్బా మూత తీయడం, పెట్టడం, అదే చప్పుడు. రవీందర్ నడుము నిటారుగా చేసి దక్షిణం దిక్కు తిరిగాడు.

“గదే సార్. గా లైట్లు. ఇగ మనకు కనబడవు.”

సార్ డబ్బా మూత పెట్టేసి, “అవునండి. లైట్లు ఎక్కువైపోయాయి,” అన్నారు.

కింద మా బిడ్డ బుజ్జి చీకటికి భయపడి నాయినను పిలిచింది. రవీందర్ మెట్లు దిగాడు. గోడ తడుముకోవడం, ఒక్కో మెట్టును కాలితో వెతుక్కోవడం నాకు వినబడుతోంది. నేను ఊరికే, ఆయన అంతసేపు వంగిన చోట వంగి, ఐపీసుకు కన్ను ఆనించాను. మొదట చుక్కలే కనబడ్డాయి. సార్ చెప్పింది గుర్తొచ్చి ఒక చుక్క మీద చూపు నిలిపాను. అప్పుడు వచ్చాయి. అద్దం మీద ఊపిరి తగిలితే పడే మసకలాగా, కొంచెం కోలగా, ఒకదాని పక్కన ఒకటి. రెండు ఉన్నాయి.

తలెత్తాను. సార్ మొహం చీకట్లో తెలియలేదు గానీ చెయ్యి తెలిసింది. చెప్పొద్దన్నట్టు మెల్లగా ఊపారు.

మర్నాడు రవీందర్ డ్యూటీకి పోయాక సార్ బూత్‌కు వచ్చారు. రాజమండ్రిలో చెల్లెలికి ఫోన్ చేయాలన్నారు. లోపల కూర్చుని, రిసీవర్ చేతిలో పట్టుకుని, నంబరు మాత్రం నొక్కలేదు.

“ఆయనకి రాత్రిపూట చూపు ఆనడం లేదమ్మా. కళ్ల డాక్టరుకి చూపించండి.”

“నిన్న ఆయనకే చెప్పొచ్చు గద సార్.”

“నోరు రాలేదమ్మా. అంత ఆశగా వంగి చూస్తున్న మనిషికి ఎలా చెప్పను?” రిసీవర్ పెట్టేశారు. “నువ్వు చెబితే వేరుగా ఉంటుంది.”

ఆయన లేచి పోయారు. నాకు గెలాక్సీలు గుర్తుకు రాలేదు. చీకట్లో తిరిగొచ్చే వ్యాన్ గుర్తొచ్చింది.

అత్తమ్మ వెనక వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మీ ఇంట్ల ఎవరికన్నా రేచీకటి ఉండెనా అత్తమ్మా, అని అడిగాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

“మా చిన్నతమ్మునికి ఉండె,” అంది. “దీపాలు పెట్టినంక గడప దాటకపోతుండె. పిల్లలు చిన్నగ ఉండంగనే పగటి చూపు సుత పోయింది. ఎందుకడుగుతున్నవ్ బిడ్డా?”

“ఊకెనే అత్తమ్మా,” అన్నాను. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

నేను వెంటనే చెప్పలేదు. సార్ మాట ఒక్కటే పట్టుకుని ఒక మనిషి చేతిలో పని ఎట్లా తీయను? నా కళ్లతో చూడాలనుకున్నాను. రెండు రోజులు పోనిచ్చి, మాదాపూర్‌లో తెలిసినవాళ్ల ఇంటికి పోయేది ఉందని చెప్పి, తిరుగు ట్రిప్పులో ముందు సీట్లో రవీందర్ పక్కన ఎక్కి కూర్చున్నాను. వెనక సీట్లన్నీ నిండాయి. ఎక్కువమంది ఆడపిల్లలు. నా వెనకున్న అమ్మాయి ముందుకు వంగి, “అంకుల్ చాలా సేఫ్‌గా నడుపుతారు ఆంటీ. అస్సలు ఓవర్‌టేక్ చెయ్యరు,” అంది.

బిల్డింగు చుట్టూ పట్టపగల్లా వెలుగు. అది దాటితే హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చేదాకా బండలు, తుమ్మచెట్లు తప్ప అప్పట్లో ఏమీ ఉండేది కాదు. మా ముందు ఇటుకల లారీ ఒకటి పోతోంది. రవీందర్ దాని వెనక ఎర్ర దీపాల మీద చూపు పెట్టి నడుపుతున్నాడు. లారీ మెల్లగైతే మేమూ మెల్లగవుతున్నాం. గుంత తప్పించడానికి అది వంగితే మేమూ వంగుతున్నాం. మా లైట్లు పడిన కొంచెం మేర తప్ప ఆయన అటూ ఇటూ చూడడం లేదు. రోడ్డు పక్కన నెత్తిన తట్టలు పెట్టుకుని కూలీలు పోతున్నారు. వాళ్లను నేను చూస్తున్నాను. ఆయన మొహం ఒక్కసారి కూడా అటు తిరగలేదు.

కొంత దూరం పోయాక లారీ మట్టిబాటలోకి తిరిగిపోయింది. రవీందర్ వ్యాన్‌ను పక్కకు తీసి ఆపాడు. “టైరు చూసొస్త,” అని దిగాడు.

ఆయన టైరును చూడలేదు. దాని పక్కన నిలబడి, మేం వచ్చిన దారి వైపు చూస్తున్నాడు. కొంచెంసేపటికి సిటీ బస్సు ఒకటి మమ్మల్ని దాటింది. గబగబా ఎక్కి, దాని ఎర్ర దీపాలను అందుకున్నాడు.

“అంకుల్ రోజూ ఇక్కడ టైర్ చెక్ చేస్తారు,” అని వెనక అమ్మాయి నవ్వింది.

పిల్లలందరినీ దింపాడు. మా సందు ఇంకొంచెం దూరం ఉందనగా బండి ఆపమన్నాను.

“ఏమైంది?”

“ఆ దినం నాకు కనబడ్డయ్.”

“ఏంది?”

“గెలాక్సీలు. రెండు.”

ఇంజన్ నడుస్తూనే ఉంది.

“సారుకు?” అన్నాడు.

“ఆయనకు సుత.”

ఇంజన్ బంద్ చేశాడు. తాళంచెవి తీసి, నాకు ఇవ్వలేదు, మా ఇద్దరి నడుమ సీటు మీద పెట్టాడు. “నడుద్దాం పా,” అన్నాడు. తాళంచెవి నేను తీసుకున్నాక, వ్యాన్‌ను అక్కడే వదిలి నడిచాం. సందు మలుపులో వీధి దీపం లేని చోట ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. మా పెళ్లయినప్పటి నుంచి బజార్లో ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

కంటి దవాఖానలో ఆయన తలను గిన్నెలాంటి తెల్లటి డొప్పలో పెట్టించారు. లోపల ఎక్కడ వెలుగు చుక్క కనబడినా చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. నేను పక్కన బల్ల మీద కూర్చుని ఆ చప్పుడు కోసం చూస్తున్నాను. చాలాసేపు రాలేదు. పరీక్ష చేసే అబ్బాయి మధ్యలో ఒకసారి బటన్ పనిచేస్తోందో లేదో తీసి చూశాడు. బటన్ బాగానే ఉంది.

డాక్టరమ్మ పెద్దావిడ. మెత్తగానే చెప్పింది. “చుట్టూ ఉండే చూపు పోయింది. మధ్యలో కొంచెం మిగిలింది. పైపులోంచి చూసినట్టు ఉంటుంది. అది కూడా మెల్లమెల్లగా తగ్గుతుంది. దీనికి మందు లేదు. ఇకమీద బండి నడపకండి, పగలు కూడా.”

రవీందర్ ఒక్కటే అడిగాడు. “లైట్లు ఎక్కువ పడ్తె గిట్ల అయితదా మేడమ్?”

“లేదండి. ఇది పుట్టుకతో వచ్చింది. మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఉందా?”

నేను అత్తమ్మ చిన్నతమ్ముడి సంగతి చెప్పాను. ఆమె కాగితం మీద గీతలు గీసి వివరించింది. మా బుజ్జికి చూపు పోయే భయం అంతగా లేదట. కానీ రేపు దానికి కొడుకులు పుడితే వాళ్లకు రావచ్చట. బుజ్జి అప్పుడు రెండో తరగతి. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తమ్మ, “నా కడుపుల నుంచే వచ్చిందన్నట్టు,” అని లోపలికి పోయింది. రోజూ బుజ్జికి తల దువ్వి జడ వేసేది ఆమే. ఆ తర్వాత చాలా రోజులు వేయలేదు. నేనే వేశాను.

వ్యాన్ ఇంకొకరి చేతికి పోయింది. రవీందర్ బూత్‌లో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు మధ్యాహ్నం జనం లేని సమయం చూసి పైకి పోయాడు. మెట్ల మీద పడతాడేమోనని నేను వెనకే పోయి సగంలో ఆగిపోయాను. మాటలు వినబడ్డాయి.

“సార్, ఒక్కటి అడుగుత. ఆ దినం మీకు కనబడ్డయా?”

“కనబడ్డాయండి,” అన్నారు సార్.

“మరి లైట్లన్నరు.”

“మీ మొహం చూసి చెప్పలేకపోయాను రవీందర్ గారూ.”

“నేను బండి నడుపుతనని మీకు ఎరుకే గద సార్. బండి నిండ ఆడపిల్లలు. మీకు తెల్సినంక సుత నేను గా తొవ్వల పోయిన.”

“తప్పేనండి.”

“తప్పని అంటలేను సార్. ఎవరు ఆడినా మీరొక్కరు నాతోటి అబద్ధమాడరనుకున్న.”

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే సార్‌కు కొంచెం నయంగా ఉండేదేమో. ఎర్ర దీపాల వెంట బండి నడిపినవాడికి, టైరు పేరుతో రోజూ ఒకే చోట ఆగినవాడికి, తన కళ్ల సంగతి తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఆ మాట తనను తాను అనుకోలేక సార్‌ను అన్నాడని నాకు అనిపించింది. కానీ నేనూ ఆయనకు ఆ మాట చెప్పలేదు.

జూన్‌లో సార్ గది ఖాళీ చేశారు. చెల్లెలు రమ్మంటోందన్నారు. టెలిస్కోపును దించడానికి ఇద్దరు హమాలీలు వచ్చారు. వాళ్లు గొట్టాన్ని మెట్ల మలుపులో గోడకు తగిలిస్తుంటే లోపల కూర్చున్న రవీందర్ తల ఎత్తాడు గానీ లేవలేదు. సార్ బూత్ అద్దం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“వెళ్లొస్తానండి రవీందర్ గారూ.”

“మంచిది సార్,” అన్నాడు ఈయన. “జాగ్రత్తగ పోన్రి.” అంతే. పైగదిని తర్వాత ముగ్గురు కంప్యూటర్ కోర్సు పిల్లలకు కిరాయికి ఇచ్చాం. మిద్దె మీద వాళ్లు బట్టలు ఆరేసుకునేవాళ్లు.

ఆ నెలలోనే వానలు పడ్డాయి. ఏవో కేబుళ్లు వేస్తున్నామని మా సందంతా తవ్వి వదిలేశారు. ఒక సాయంత్రం రవీందర్ పాల ప్యాకెట్టుకు పోయి చీకటి పడ్డా తిరిగి రాలేదు. నేను బయటికి పోదామనుకునేసరికి మూలమీది కిరాణా దుకాణం రంగనాథ్ ఆయనను చంక కింద పట్టుకుని తీసుకొచ్చాడు. నడుము దాకా బురద. మోచెయ్యి గీరుకుపోయింది. కేబుల్ గుంతలో పడ్డాడట. పాల ప్యాకెట్టు మాత్రం చేతిలోనే ఉంది.

రంగనాథ్ నన్ను పక్కకు పిలిచి మెల్లగా, “జర చెప్పుకో చెల్లే. మొన్న సుత గోడలు పట్టుకొని నడుస్తుంటె చూసిన. బిడ్డ ఎదుగుతున్నది. ఇంటి పెద్దమనిషి గిట్ల తాగి పడ్తె ఎట్ల?” అన్నాడు.

మా ఆయన పండగపూట కల్లు కూడా ముట్టని మనిషి. ఆ మాట చెప్పబోతున్నాను. గడప మీద కూర్చున్న రవీందర్ వెనక నుంచి, “జర ఎక్కువైందన్నా. ఇగ ముట్ట,” అన్నాడు.

రంగనాథ్ తృప్తిగా తలూపి వెళ్లిపోయాడు. నేను నీళ్లు కాచి తెచ్చి, మోచెయ్యి కడిగి, బురద బట్టలు విప్పించాను. అత్తమ్మ లోపలి గదిలో బుజ్జిని పడుకోబెడుతోంది.

“ఎందుకట్ల చెప్పినవ్?” అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. నేను కూర్చున్న చోటికి కాదు, కొంచెం పక్కకు.

“తాగుబోతంటె ఎప్పుడో ఒకనాడు మానేస్తడనుకుంటరు,” అన్నాడు.

తెల్లారి నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడితే రంగనాథ్ భార్య నా పక్కకు జరిగింది. మీ ఆయన ఎప్పటి నుంచి తాగుతున్నడు వదినా, అని అడిగింది.

“గీ ఎండకాలం నుంచే,” అన్నాను. “మానేస్తనన్నడు.”